ఇంట్లో చిన్న సర్వర్‌కి ఏ బోర్డు కొనాలి? కరెంటు తక్కువ తాగాలి, ఖర్చూ తక్కువ కావాలి

గోదారి_గట్టు:
అందరికీ నమస్కారం. రాజమండ్రిలో అమ్మావాళ్ల ఇంట్లో ఒక చిన్న సర్వర్ పెట్టాలి. అందరి ఫోన్లలోని ఫోటోలు వాటంతట అవే అందులోకి చేరాలి. ఇంటి మొత్తానికి ప్రకటనలు ఆపే పై-హోల్ నడవాలి. నాన్న దాచుకున్న పాత పాటలు, సినిమాలు టీవీలో రావాలి. ఇప్పుడు ఇవన్నీ ఒక పాత డెస్క్‌టాప్ మీద నడుస్తున్నాయి. అది రోజంతా ఆన్‌లోనే ఉంటుంది, ఫ్యాన్ చప్పుడుకి హాల్లో కూర్చోలేకపోతున్నారు. అన్నీ కలిపి పది, పన్నెండు వేలు పెట్టగలను. అరచేతిలో పట్టే కంప్యూటర్ బోర్డులు రాస్ప్‌బెర్రీ పై 4, పై 5, ఆరెంజ్ పై, లేదంటే మినీ పీసీ... చదివేకొద్దీ అయోమయం పెరుగుతోంది. వాడుతున్నవాళ్లు చెప్పండి.

ఓరుగల్లు_వాట్:
ముందు కరెంటు లెక్క చూడండి, సగం సందేహాలు తీరిపోతాయి. పాత డెస్క్‌టాప్ ఖాళీగా ఉన్నా 60 వాట్ల దాకా లాగుతుంది. అంటే నెలకు 43 యూనిట్లు. పై 4కి ఒక ఎస్‌ఎస్‌డీ (తిరిగే భాగాలు లేని డ్రైవ్) తగిలించినా ఖాళీగా ఉన్నప్పుడు 5 వాట్ల దగ్గరే ఉంటుంది. నెలకు 3.6 యూనిట్లు, అంతే.

మా వైపు ఈ తేడా ఇంకా గట్టిగా తగులుతుంది. తెలంగాణలో 2024 మార్చి నుంచి గృహజ్యోతి కింద అర్హత ఉన్న ఇళ్లకు 200 యూనిట్ల వరకు బిల్లు సున్నా. ఆ గీత దాటితే మొత్తం బిల్లు కట్టాల్సిందే. ఎండాకాలంలో 170, 180 దగ్గర ఆగే ఇంట్లో ఈ 43 యూనిట్లు కలిస్తే ఏమవుతుందో చూడండి. ఏపీలో కూడా శ్లాబులే కదా, వాడకం పెరిగేకొద్దీ రేటు పెరుగుతుంది. అందుకే నేనైతే ముందు ఆ డెస్క్‌టాప్ ఆపేయమంటాను, ఏ బోర్డన్నది తర్వాత సంగతి.

లినక్స్_బాబాయ్:
తమ్ముడూ, అందరూ ప్రాసెసర్ గురించే మాట్లాడతారు. ఇంటి సర్వర్లు పాడయ్యేది దాదాపు ఎప్పుడూ రెండు చోట్లే: మెమరీ కార్డు, చార్జర్.

మెమరీ కార్డు మీద సర్వర్ నడపకు. లాగ్‌లు (సిస్టమ్ రాసుకునే చిట్టా), డేటాబేస్ రాతలు రాత్రీపగలూ పడుతూనే ఉంటాయి, కార్డు అందుకోసం చేసింది కాదు. ఒకరోజు రీడ్-ఓన్లీ అయిపోయి, అంటే కొత్తగా ఏమీ రాయనివ్వకుండా, కూర్చుంటుంది. పై 4, పై 5 రెండూ యూఎస్‌బీ నుంచి బూట్ అవుతాయి కాబట్టి 240 జీబీ సాటా ఎస్‌ఎస్‌డీ ఒకటి, దానికి మంచి యూఎస్‌బీ 3 అడాప్టర్ ఒకటి తీసుకో. అడాప్టర్ దగ్గరే చాలామంది ఇరుక్కుంటారు. కొన్ని చిప్‌లకి యూఏఎస్ అనే వేగవంతమైన పద్ధతితో పొసగదు, కాపీ మధ్యలో డ్రైవ్ మాయమై మళ్లీ వస్తుంది. లాగ్‌లో యూఎస్‌బీ రీసెట్ అని వరసగా కనిపిస్తే అదే. బూట్ సెట్టింగుల ఫైల్లో ఆ అడాప్టర్‌కి యూఏఎస్ ఆపేయొచ్చు. వేగం కొంత తగ్గుతుంది కానీ డేటా నిలుస్తుంది.

ఇక చార్జర్. పై 4కి 5 వోల్టులు, 3 ఆంపియర్లు కావాలి. ఫోన్ చార్జర్ మీద కూడా లేస్తుంది, కానీ లోడు పడగానే వోల్టేజీ పడిపోతుంది. టెర్మినల్‌లో vcgencmd get_throttled అని కొట్టి చూడు. సున్నా వస్తే బాగున్నట్టు. వేరే అంకె వస్తే వోల్టేజీ అయినా పడింది, వేడైనా ఎక్కింది. పై 4లో నాలుగు యూఎస్‌బీ పోర్టులకూ కలిపి 1.2 ఆంపియర్లే ఇస్తారు. ఎస్‌ఎస్‌డీ ఒకటి హాయిగా నడుస్తుంది. తిరిగే హార్డ్ డిస్కులు రెండు పెట్టాలంటే సొంత కరెంటు ఉన్న హబ్ తప్పదు.

బోర్డు ధర ఒక్కటే చూసి బడ్జెట్ వేయకు. చార్జర్, కేసు, ఎస్‌ఎస్‌డీ, అడాప్టర్ కలిపితే ఇంచుమించు ఇంకో బోర్డు ఖరీదు అవుతుంది. పైగా 2025 చివర్లో మెమరీ చిప్‌ల ధరలు ఎక్కాక 4 జీబీ, అంతకంటే ఎక్కువ ర్యామ్ ఉన్న రాస్ప్‌బెర్రీ పై బోర్డుల రేట్లూ పెరిగాయి.

బెజవాడ_ఎండ:
కేసు గురించి ఒక్క మాట. మా ఊళ్లో మే నెలలో గదిలోనే 38 డిగ్రీలు ఉంటుంది. మూత బిగించిన ప్లాస్టిక్ కేసులో పై బోర్డు 80 డిగ్రీలకు చేరి తనంతట తాను వేగం తగ్గించుకుంటుంది. పక్కలన్నీ రెక్కలున్న అల్యూమినియం కేసు తీసుకోండి, ఫ్యాన్ అక్కర్లేదు. ఫ్యాన్ ఉంటే దుమ్ము తింటుంది, ఏడాదికే గరగరలాడుతుంది. టీవీ వెనక, సెట్‌టాప్ బాక్సు మీద మాత్రం పెట్టకండి.

చౌక_బోర్డులు:
ఆరెంజ్ పై గురించి అడిగారు కదా. నేను ఆరెంజ్ పై జీరో 3 మీద పై-హోల్ నడుపుతున్నాను. ఆల్‌విన్నర్ హెచ్618 చిప్, అసలైన గిగాబిట్ పోర్టు ఉంది, ధర తక్కువ. హార్డ్‌వేర్ మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు. ఓపిక కావాల్సింది సాఫ్ట్‌వేర్ దగ్గర. కంపెనీ ఇచ్చే సిస్టమ్ కంటే, ఇలాంటి బోర్డుల కోసం చేసిన లినక్స్ ఆర్మ్‌బియన్ వేసుకోండి. కొనేముందే ఆర్మ్‌బియన్ సైట్లో మీ బోర్డు ఏ స్థాయి సపోర్టులో ఉందో చూడండి. లేనిదైతే ఎంత చౌకగా వచ్చినా వదిలేయండి.

రాస్ప్‌బెర్రీ పై జీరో 2 డబ్ల్యూ ఇంకా తక్కువ కరెంటు వాడుతుంది, కానీ ర్యామ్ 512 ఎంబీ, లాన్ పోర్టు లేదు, వైఫై 2.4 గిగాహెర్ట్జ్ మాత్రమే. ఫోటోల పనికి చాలదు.

ఫ్రిస్కో_తెలుగు:
నేను టెక్సస్‌లో ఉంటాను, సర్వర్ గుంటూరులో అమ్మానాన్నల ఇంట్లో. నా ఓటు బోర్డుకి కాదు, ఇంటెల్ ఎన్100 మినీ పీసీకి. ఖాళీగా ఉన్నప్పుడు 6 నుంచి 10 వాట్లు, అంటే రాస్ప్‌బెర్రీ పై కంటే కొంచెమే ఎక్కువ. అందులో ఎస్‌ఎస్‌డీ, కేసు, చార్జర్ అన్నీ వచ్చేస్తాయి. సినిమాని టీవీకి తగ్గట్టు అప్పటికప్పుడు మార్చి పంపే పని ఇంటెల్ చిప్‌లోనే ఉండే క్విక్ సింక్ అనే వీడియో భాగం తేలిగ్గా చేస్తుంది. పై 5లో హెచ్264 రకం వీడియోలకి హార్డ్‌వేర్ సాయమే లేదు, మొత్తం ప్రాసెసర్ మీదే పడుతుంది. ఉన్న ఫైలును ఉన్నట్టే ఆడించే టీవీ అయితే పై 4 కూడా చాలు.

ఫోటోలకి ఇమ్మిచ్ అనే యాప్ వాడదామనుకుంటే ర్యామ్ చూసుకోండి. ముఖాలు గుర్తుపట్టే పని చిన్న బోర్డులకి బరువు. సెట్టింగ్స్‌లో దాన్ని ఆపేయొచ్చు, లేదా ఆ ఒక్క పనీ వేరే కంప్యూటర్ చేసేలా పెట్టొచ్చు.

ఇంకోటి. మన దగ్గర చాలా ఇంటి కనెక్షన్లకి సొంత పబ్లిక్ ఐపీ (బయటి నుంచి చేరుకునే అడ్రసు) ఉండదు. రూటర్లో పోర్టు తెరిచినా బయటి నుంచి చేరుకోలేరు. టెయిల్‌స్కేల్ అనే ప్రైవేటు నెట్‌వర్క్ యాప్ వేసుకోండి, అమెరికా నుంచి కూడా పక్క గదిలో ఉన్నట్టే తెరుచుకుంటుంది.

గోదారి_గట్టు:
అందరికీ చాలా థాంక్స్. మా టీవీ ఉన్న ఫైళ్లను ఉన్నట్టే ఆడిస్తుంది, అది చూసుకున్నాను. కాబట్టి పై 4 నాలుగు జీబీ, ఎస్‌ఎస్‌డీ, అల్యూమినియం కేసు అనుకుంటున్నాను. మిగిలిన టెన్షన్ కరెంటు కోతల గురించే. ఇన్వర్టర్ ఉంది, అయినా కరెంటు పోయినప్పుడల్లా డెస్క్‌టాప్ రీస్టార్ట్ అవుతోంది. పై 4కి కూడా అంతేనా? ఇంకో సంగతి, పై-హోల్ ఆగిపోతే ఇంట్లో ఇంటర్నెట్టే ఆగిపోతుంది కదా, అమ్మకి ఎలా చెప్పాలి?

లినక్స్_బాబాయ్:
ఇన్వర్టర్ మీద యూపీఎస్ మోడ్ అని స్విచ్ ఉందేమో చూడు. చాలావాటికి వెనక వైపు ఉంటుంది. అది వేస్తే మారే సమయం తగ్గుతుంది, బోర్డులు చాలావరకు నిలబడతాయి. అప్పటికీ రీస్టార్ట్ అవుతుంటే చార్జ్ అవుతూనే కరెంటు ఇచ్చే 5 వోల్టుల చిన్న యూపీఎస్ ఒకటి పెట్టు. రూటర్ల కోసం అమ్మే 12 వోల్టులది నేరుగా తగిలించకు, బోర్డు కాలిపోతుంది.

చౌక_బోర్డులు:
పై-హోల్‌ని ఫోటోల సర్వర్‌తో కలపకండి. చౌక బోర్డు ఒకటి దానికే వదిలేస్తే మంచిది. మీరు ఊళ్లో లేనప్పుడు అది ఆగిందంటే అమ్మగారు చేయాల్సింది రూటర్లో డీఎన్‌ఎస్‌ని (సైట్ల పేర్లకు అడ్రసులు వెతికిపెట్టే సర్వర్‌ని) పాత విలువకి మార్చడమే. ఏ పేజీలో ఏ గడిలో ఏం రాయాలో స్క్రీన్‌షాట్లు తీసి, కాగితం మీద తెలుగులో రాసి రూటర్ పక్కన అంటించండి. రెండో డీఎన్‌ఎస్‌గా బయటిది పెడితే ఈ బాధ ఉండదు కానీ, ప్రకటనలు అప్పుడప్పుడు అటునుంచి వచ్చేస్తాయి.

ఫ్రిస్కో_తెలుగు:
ఎస్‌ఎస్‌డీ ఒక్కదాన్నే నమ్ముకోకండి. ఆ పాత డెస్క్‌టాప్‌లోని హార్డ్ డిస్కు తీసి, సొంత కరెంటు ఉన్న డాక్‌లో (డిస్కు స్టాండులో) పెట్టి, వారానికోసారి ఆర్‌సింక్ అనే కాపీ ప్రోగ్రాంతో ఫోటోలు దాంట్లోకి కాపీ అయ్యేలా పెట్టండి. కాపీ అయ్యాక డాక్ ఆపేయమని నాన్నగారికి చెప్పండి. పిడుగులు పడే రోజుల్లో ప్లగ్ తీసేసి ఉన్న కాపీ ఒకటి ఉండాలి.