చర్చ: నల్లడబ్బు తెల్లగా మార్చడం సీరియల్లో చూపినంత సులువా?

కపిలతీర్థం_కుర్రోడు: బ్రేకింగ్ బ్యాడ్ అనే అమెరికా సీరియల్ ఇప్పుడే పూర్తి చేశాను. మత్తుమందు డబ్బుకు లెక్క చూపడానికి కార్ వాష్ కొని, రాని కార్లకు కూడా బిల్లులు కొడతారు. మరి మన శేషాచలంలో ఎర్రచందనం నరికించి సంపాదించినోళ్లు ఏం చేస్తారు? దగ్గర నుంచి చూసినవాళ్లు చెప్పండి.

రిటైర్డ్_క్యాషియర్: 31 ఏళ్లు కౌంటర్‌లో కూర్చున్నాను. నోట్లను బ్యాంకులోకి తేవడమే అసలు కష్టం. లోపలికొచ్చాక ఖాతాలు మార్చి తిప్పడం, చివరికి స్థలమో లాడ్జో కొనడం తర్వాతి మెట్లు. నగదు 10 లక్షలు దాటితే ఫైనాన్షియల్ ఇంటెలిజెన్స్ యూనిట్‌కు, అంటే అనుమానపు లావాదేవీలు చూసే కేంద్ర సంస్థకు, రిపోర్టు వెళ్తుంది. విడగొట్టి తెస్తే తెలియదనుకుంటారు. నెల మొత్తం కలిపే చూస్తాం.

కాళహస్తి_అక్క: దయచేసి పిల్లలకు చెప్పండి. మా తమ్ముడు తిరుపతిలో బీటెక్. రూమ్మేట్ 5 వేలిస్తానంటే ఖాతా, ఏటీఎం కార్డు, సిమ్ ఇచ్చేశాడు. రెండు రోజుల్లో 6 లక్షలు వచ్చి పోయాయి. ఎవరో పెద్దాయన దగ్గర ఫోన్‌లో మోసం చేసి లాగిన డబ్బట. ఖాతా ఫ్రీజ్. బెంగళూరు పోలీసుల నోటీసు కన్నడలో వచ్చింది. అమ్మ అన్నం ముట్టడం లేదు.

చంద్రగిరి_007: కార్ వాష్ ఎందుకు, మామిడి తోట చాలు. వ్యవసాయ ఆదాయానికి పన్ను లేదు. ఎంత రాసుకున్నా అడిగేవాడు లేడు.

దామలచెరువు_రైతు: ఏం మాటలయ్యా అవి? 2025లో తోతాపురి లోడుతో ఫ్యాక్టరీ గేటు ముందు మూడు రాత్రులు ట్రాక్టర్ మీదే పడుకున్నా. ప్రభుత్వం కిలోకు 4 రూపాయలు కలిపినా నాకు కోత కూలి గిట్టలేదు. నీలాంటోళ్ల వల్లే తోట ఉన్న ప్రతివాడూ దొంగలా కనిపిస్తాడు.

చంద్రగిరి_007: నిన్ను అనలేదన్నా. పేరుకు తోట పెట్టుకున్నోళ్లను అన్నాను. మా ఊళ్లోనే ఉన్నారు.

దామలచెరువు_రైతు: వాళ్లు రైతులే కాదు. ముందు మాట వెనక్కి తీసుకో.

గ్రీమ్స్‌పేట_ఆడిటర్: ఇద్దరూ ఆగండి. 20 ఏళ్లుగా ఈ లెక్కలే చూస్తున్నాను. పన్ను లేదంటే అడగరని కాదు. పాస్‌బుక్, అడంగల్, మండీ చీటీలు తెమ్మంటారు. రెండెకరాలకు 40 లక్షలు రాస్తే అంత కాయ ఎక్కడ కాసిందో చూపాలి. నేరం సొమ్మని రుజువైతే మనీ లాండరింగ్ (నల్లడబ్బు తెల్లగా మార్చడం) నిరోధక చట్టం, 2002 కింద 3 నుంచి 7 ఏళ్ల జైలు, మత్తుమందు కేసైతే 10 ఏళ్ల దాకా.

సిరీస్_పిచ్చి: మనీ లాండరింగ్ అనే పేరు అమెరికా గ్యాంగ్‌స్టర్ అల్ కపోన్ లాండ్రీ షాపుల నుంచే వచ్చింది, తెలుసా?

గ్రీమ్స్‌పేట_ఆడిటర్: అది కట్టుకథ. 1931లో అతనికి శిక్ష పడింది పన్ను ఎగవేతకు. ఆ మాట పత్రికల్లో వాడుకైంది 1970ల్లో, అమెరికా అధ్యక్షుడు నిక్సన్ వాటర్‌గేట్ కుంభకోణం సమయంలో.

కాళహస్తి_అక్క: మీరు మామిడికీ అమెరికాకూ కొట్లాడుకుంటున్నారు. మా వాడిని సోమవారం రమ్మన్నారు. ఒక్కరూ జవాబు చెప్పలేదు.

రిటైర్డ్_క్యాషియర్: తప్పు మాదేనమ్మా. ఆ రూమ్మేట్‌తో నడిచిన వాట్సాప్ మెసేజ్‌లు ఒక్కటీ తీసేయనివ్వొద్దు. జరిగింది దాచకుండా చెప్పమనండి. లాయర్‌ను తోడు తీసుకెళ్లండి.

పలమనేరు_బాబు: నాకు కన్నడ చదవడం వచ్చక్కా. పేరు, ఖాతా నంబరు కనబడకుండా కొట్టేసి ఫోటో పెట్టండి. ఇప్పుడే చదివి చెబుతా.