కోబేలో తెప్పన్‌యాకి భోజనం: ఏ ముక్క అడగాలి, ఎంత కాల్చమనాలి?

నాగోయా_నివాసి (ప్రశ్న):

అందరికీ నమస్కారం. వచ్చే నెలలో మా అన్నయ్య, వదిన హైదరాబాద్ నుంచి జపాన్‌లోని మా ఇంటికి వస్తున్నారు. ఒక రాత్రి కోబేలో బస చేసి, సన్నోమియా ప్రాంతంలో మంచి తెప్పన్‌యాకి (వేడి ఇనుప పలక మీద కళ్లెదుటే వండిపెట్టే) రెస్టారెంట్ ఒకటి చూసుకుని, వారికి అసలైన కోబే బీఫ్ భోజనం పెట్టించాలని మా ఆలోచన. అన్నయ్య, నేను కల్యాణి బిర్యానీ తింటూ పెరిగినవాళ్లమే కాబట్టి మాంసం మాకు కొత్త కాదు. అయితే మన ఇళ్లలో పెద్దకూర అంటే మసాలా పట్టి, ముక్క పూర్తిగా ఉడికి మెత్తబడే దాకా పొయ్యి మీద ఉండవలసిందే. లోపల ఎర్రగా కనిపించే ముక్కను అన్నయ్య ఇష్టంగా తింటారన్న నమ్మకం నాకు లేదు.

మెనూలు చదివితే అయోమయం పెరిగింది. ఒకచోట ‘ఏ5 వాగ్యూ’ అని, ఒకచోట ‘కోబే బీఫ్’ అని, మరొకచోట ‘తజిమా గ్యూ’ అని ఉంది. వాటి ధరల మధ్య తేడా కూడా చాలా ఉంది. ఏ5 అని రాసి ఉంటే చాలా? సర్లాయిన్ (నడుము పైభాగం), ఫిలే (వెన్నెముక లోపలి వైపు మెత్తని కండ) ముక్కల్లో ఏది మేలు? ఒక్కొక్కరికి ఎన్ని గ్రాములు చెప్పాలి? మరొక ముఖ్యమైన విషయం: మా వదిన బీఫ్ తినరు, చేపలు, రొయ్యలు తింటారు. ఆమెను కూడా అదే కౌంటర్ దగ్గర కూర్చోబెట్టడం సబబేనా? అనుభవం ఉన్నవారు వివరంగా చెప్పగలరని కోరుతున్నాను.

రొక్కో_కొండ:

మీ ప్రశ్నల్లో మొదటిదానికి కొంచెం వివరంగా జవాబు చెబుతాను, ఎందుకంటే ఎక్కువమంది డబ్బు వృథా చేసుకునేది అక్కడే. వాగ్యూ అంటే జపాన్ దేశీ జాతుల పశువుల మాంసం. ఏ5 అనేది జపాన్ అంతటా ఒకే విధంగా ఇచ్చే గ్రేడు. అందులోని ‘ఏ’ అన్న అక్షరం పశువు కళేబరం నుంచి ఎంత మాంసం దిగుతుందో చెబుతుంది. అది వ్యాపారికి కావలసిన లెక్కే తప్ప తినేవారి నాలుకకు సంబంధించినది కాదు. పక్కనున్న అంకె మాత్రం నాణ్యతను చెబుతుంది: కండలో కొవ్వు ఎంత సన్నగా అల్లుకుంది, మాంసం రంగు ఎలా ఉంది, బిగువు, కండ పోగు ఎలా ఉన్నాయి, కొవ్వు రంగు, మెరుపు ఎలా ఉన్నాయి అనే నాలుగు అంశాలను చూసి, వాటిలో అన్నిటికంటే తక్కువ వచ్చినదాన్నే తుది అంకెగా నిర్ణయిస్తారు. కొవ్వు అల్లికకు బీఎంఎస్ అనే 1 నుంచి 12 వరకు ఉన్న మరో కొలమానం ఉంది. అందులో 8 నుంచి 12 దాకా వస్తే 5వ తరగతి, 5 నుంచి 7 దాకా వస్తే 4వ తరగతి.

కోబే బీఫ్ సంగతి వేరు. అది తజిమా జాతి పశువు అయి ఉండాలి, హ్యోగో రాష్ట్రంలోనే పుట్టి, అక్కడే పెరిగి, అక్కడి కబేళాలోనే కోయబడి ఉండాలి, బీఎంఎస్ 6 గానీ అంతకంటే ఎక్కువ గానీ ఉండాలి, కళేబరం బరువు కూడా నిర్ణీత పరిమితి దాటకూడదు. అంటే ఏ4 వచ్చిన మాంసం కూడా కోబే బీఫ్ కావచ్చు, జపాన్‌లో మరో చోట పెరిగిన ఏ5 మాంసం కోబే బీఫ్ కాకపోవచ్చు. మెనూలో మీరు చూసిన తజిమా గ్యూ కూడా అదే వంశపు పశువుల మాంసమే. ఆ ప్రమాణాలను అందుకోనిది ఆ పేరుతో అమ్ముడవుతుంది కాబట్టి ధర తగ్గుతుంది. రుచి తెలిసినవారు దాన్ని చిన్నచూపు చూడరు. ఈ వంశం విలువ ఎంతటిదో ఒక్క మాటలో చెప్పాలంటే, హ్యోగోలోని కామి పట్టణ ప్రాంతంలో 1939లో పుట్టిన తజిరి అనే ఆబోతు రక్తం నేడు జపాన్‌లోని నల్ల వాగ్యూ ఆవుల్లో దాదాపు అన్నిటిలోనూ ఉందని తేలింది. పశువులకు బీరు తాగించి మర్దన చేస్తారనే కథ మీ అన్నయ్య కూడా వినే ఉంటారు. కోబే బీఫ్ ప్రమాణాల్లో అలాంటి షరతు ఏదీ లేదు.

కాబట్టి ఏ5 అన్న అక్షరాన్ని వెతకవద్దు, ధ్రువపత్రం చూపమని అడగండి. కోబే బీఫ్ సంఘంలో నమోదైన రెస్టారెంట్లలో ఎద్దు ఆకారంలో ఉన్న కంచు బొమ్మ, నమోదు ఫలకం కనిపిస్తాయి. మంచి చోట వంట మొదలుపెట్టే ముందు పచ్చి మాంసాన్ని పళ్లెంలో తెచ్చి చూపించి, దానితో పాటు పది అంకెల గుర్తింపు సంఖ్య ఉన్న కాగితాన్ని కూడా చూపుతారు. జపాన్‌లో పుట్టిన ప్రతి పశువుకూ అటువంటి సంఖ్య ఉంటుంది. 2003లో వచ్చిన చట్టం ప్రకారం ఆ సంఖ్యను ప్రభుత్వ సంబంధిత వెబ్‌సైట్‌లో వేసి, అది ఎప్పుడు పుట్టిందో, ఎక్కడ పెరిగిందో ఎవరైనా చూడవచ్చు. భోజనానికి ముందు అన్నయ్య గారి చేతనే ఆ పని చేయించండి. తాను తింటున్నది ఏమిటో ఆయనకు కచ్చితంగా తెలుస్తుంది.

ఇనుప_పలక:

పై వివరణ సమగ్రంగా ఉంది. నేను కాల్చే విధానం గురించి, పరిమాణం గురించి చెబుతాను.

ఈ మాంసంలోని కొవ్వులో ఒలీయిక్ ఆమ్లం అనే కొవ్వు ఆమ్లం ఎక్కువ. అందువల్ల అది తక్కువ వేడికే కరుగుతుంది. నోట్లో వేసుకోగానే వెన్నలా జారిపోవడానికి కారణం అదే. అయితే కొవ్వు కరగాలంటే ముక్క లోపలికి కొంత వేడి చేరవలసిందే. కాబట్టి మీ అన్నయ్య సందేహించే ‘రేర్’ (లోపల దాదాపు పచ్చిగా ఉంచడం) ఇక్కడ మంచిది కాదని నా అభిప్రాయం. మీడియం రేర్‌కు (లోపల ఎర్రగా, వెచ్చగా), మీడియంకు (లోపల గులాబీ రంగులో) మధ్య వంటవాడు ఎంచుకునే స్థాయే దీనికి సరైనది. కొవ్వు సన్నగా అల్లుకున్న ముక్క ఇంకొంచెం ఎక్కువ కాలినా తేమను పూర్తిగా కోల్పోదు. అందుకే ఆయనకు ఫిలే కాకుండా సర్లాయిన్ చెప్పండి. ఫిలే చాలా మృదువైనదే, కానీ కొవ్వు తక్కువ కాబట్టి ఎక్కువ కాలిస్తే ఆ ధరకు తగ్గ సుఖం మిగలదు. మీకు ఫిలే, ఆయనకు సర్లాయిన్ తీసుకుని చెరి సగం పంచుకుంటే రెండూ తెలుస్తాయి. వంటవాడు ముక్కలను ఒకేసారి పెట్టకుండా, కొన్ని కొన్నిగా కోసి వేడివేడిగా అందిస్తాడు కాబట్టి, మొదటి విడత రుచి చూశాక మిగిలినదాన్ని మరి కాస్త కాల్చమని అడిగే అవకాశం ఉంటుంది. అలా అడగడంలో అమర్యాద లేదు.

ఒక్కొక్కరికి 100 నుంచి 150 గ్రాములు చాలు. మన లెక్కలో అది చాలా తక్కువగా కనిపిస్తుంది. కానీ 200 గ్రాములు దాటితే చివరి ముక్కలు భారంగా అనిపించి, మొదటి ముక్కల ఆనందాన్ని కూడా చెడగొడతాయి. అంతకు మించిన డబ్బు ఉంటే పరిమాణం మీద కాకుండా మంచి రెస్టారెంట్ మీద పెట్టండి.

వంట వరుసను శ్రద్ధగా గమనించండి. ముందుగా ముక్క అంచునున్న కొవ్వును కోసి పలక మీద కరిగిస్తారు. ఆ నూనెలో పలుచని వెల్లుల్లి రేకులను నిదానంగా, మాడకుండా, బంగారు రంగు వచ్చేదాకా వేయించి పక్కన పెడతారు. తర్వాత కూరగాయలు, ఆ తర్వాత మాంసం. చివర్లో మిగిలిన కొవ్వులో మొలకలు గానీ, అన్నం గానీ వేయిస్తారు. తెల్లన్నం బదులు వెల్లుల్లి అన్నం కావాలంటే చాలాచోట్ల కొంత అదనంగా తీసుకుంటారు. తప్పకుండా తీసుకోండి, మన నాలుకకు ఈ భోజనం మొత్తంలో అన్నిటికంటే దగ్గరగా అనిపించేది అదే. మాంసాన్ని మొదట ఉప్పుతో మాత్రమే తినండి, తర్వాత పచ్చి వాసాబితో (ఘాటైన జపాన్ దుంప ముద్ద), ఆ తర్వాతే సాస్‌తో తినండి. సాస్‌తో మొదలుపెడితే మాంసం అసలు రుచి తెలుసుకునే అవకాశం పోతుంది.

అకాషి_వంతెన:

వదిన గారి విషయం మీరు ముందుగానే ఆలోచించడం చాలా సంతోషం కలిగించింది. చాలా తెప్పన్‌యాకి రెస్టారెంట్లలో రొయ్యలు, పీత, అబలోన్ (ఒక రకం సముద్రపు నత్త), చేపలతో వేరే కోర్సు ఉంటుంది. కానీ వంట జరిగేది ఒకే ఇనుప పలక మీద. ఒకే గరిట, ఒకే కొవ్వు వాడడం అక్కడ సహజం. కూరగాయలు కూడా బీఫ్ కొవ్వులోనే వేగుతాయి. సూప్‌లో, సాస్‌లో కూడా బీఫ్ ఉండే అవకాశం ఉంది. ఆమెకు రుచి నచ్చకపోవడం వల్ల మానేశారా, లేక నియమంగా పాటిస్తున్నారా అనేది మొదట తెలుసుకోండి. నియమమైతే, బుక్ చేసే సమయంలోనే ఫోన్‌లో స్పష్టంగా చెప్పి, ఆమె వంటకు వేరే పలక, వెజిటబుల్ నూనె వాడగలరా అని అడగాలి. పెద్ద హోటళ్ల రెస్టారెంట్లలో ఒకటికంటే ఎక్కువ పలకలు ఉంటాయి కాబట్టి అక్కడ ఒప్పుకునే అవకాశం ఎక్కువ. చిన్న చోట కుదరదంటే ఆ మాటను గౌరవించి వేరే చోట చూసుకోవడమే మంచిది. అక్కడికి వెళ్లి కూర్చున్నాక ఈ సంగతి ఎత్తితే, ఆమెకూ వంటవాడికీ ఇద్దరికీ ఇబ్బందే.

నా వరకైతే, ఆమె నియమం గట్టిదైతే ఆ పొగ, ఆ వాసన మధ్య గంటన్నర కూర్చోబెట్టడం న్యాయం కాదనిపిస్తుంది. అన్నదమ్ములిద్దరూ ఒక పూట వెళ్లి, మరో పూట వదిన గారితో కలిసి సముద్రపు చేపల భోజనానికి వెళ్తే అందరికీ తృప్తిగా ఉంటుంది.

నాగోయా_నివాసి:

ముగ్గురికీ హృదయపూర్వక ధన్యవాదాలు. వదిన గారిని అడిగాము. అది ఆమె చిన్ననాటి నుంచి పాటిస్తున్న నియమమేనట. కాబట్టి అన్నయ్య, నేను మాత్రమే వెళ్తున్నాము. ఇద్దరమే కనుక రాత్రికి బదులు మధ్యాహ్నం వెళ్లడం మేలా? అలాగే వంటవాడు గరిటెలు ఎగరేసే, మంటలు లేపే ప్రదర్శన ఉంటుందేమోనని అన్నయ్య ఎంతో ఆశగా ఎదురుచూస్తున్నారు.

రొక్కో_కొండ:

ఆ ప్రదర్శన మీద ఆశ పెట్టుకోవద్దని ఆయనకు ముందే చెప్పండి. తెప్పన్‌యాకి స్టేక్ 1945లో కోబేలోని మిసోనో అనే రెస్టారెంట్‌లో మొదలైంది. గరిటెలు తిప్పి నవ్వించే పద్ధతి మాత్రం 1964లో న్యూయార్క్‌లో బెనిహానా అనే రెస్టారెంట్ తెరిచాక అమెరికాలో పెరిగింది. కోబేలో వంటవాడు చాలా నెమ్మదిగా, తక్కువ మాటలతో పని చేస్తాడు. కత్తి ఎక్కడ పెడుతున్నాడు, ముక్కను ఎప్పుడు తిప్పుతున్నాడు, ఎంతసేపు కదపకుండా వదిలేస్తున్నాడు అనేదే చూడవలసింది. వీడియో తీయాలనుకుంటే ముందుగా అనుమతి అడగండి.

మధ్యాహ్నం వెళ్లడం ఖర్చు పరంగా మంచిదే. అయితే చవక లంచ్ కోర్సుల్లో చాలావాటిలో ఉండేది కోబే బీఫ్ కాదు, మామూలు వాగ్యూ గానీ దిగుమతి మాంసం గానీ కావచ్చు. కాబట్టి కోర్సు పేరులో ‘కోబే బీఫ్’ అని ఉందో లేదో, ఎన్ని గ్రాములో, ఏ భాగమో చదివి బుక్ చేయండి. చూపించిన ధరలో 10 శాతం పన్ను కలిసిందా, హోటల్ అయితే సర్వీస్ చార్జీ వేరుగా వేస్తారా అనేది కూడా చూసుకోండి. టిప్పు ఇవ్వనక్కర్లేదు. ఎలాగూ ఆ రాత్రి కోబేలోనే ఉంటున్నారు కాబట్టి, సాయంత్రం మొదటి సమయానికి కౌంటర్ సీట్లు రెండు బుక్ చేసుకోమని నా సలహా. మధ్యాహ్నం భోజనం తేలికగా ముగించి, ఆకలితో వెళ్లండి.