ప్యారలల్ కంప్రెషన్‌కి "వంత" అన్న మాట సరిపోతుందా?

నేను హైదరాబాద్‌లో పాటలు మిక్స్ చేస్తాను. ఈమధ్య ఇద్దరు కుర్రాళ్ళు పని నేర్చుకోవడానికి వస్తున్నారు, ఇద్దరూ తెలుగు మీడియంలో చదివినవాళ్ళే. మొన్న డ్రమ్స్ మీద ప్యారలల్ కంప్రెషన్ (ధ్వని కాపీ ఒకటి నలిపి అసలుదాని కింద కలపడం) ఎలా పెట్టాలో చూపిస్తుంటే ఒకతను అడిగాడు: "సార్, కంప్రెషన్ అంటే సంపీడనమే కదా? స్కూల్లో ధ్వని పాఠంలో చదివాం."

నా దగ్గర వెంటనే జవాబు లేదు. ఆ పాఠంలో సంపీడనం అంటే ధ్వని తరంగం పోతున్నప్పుడు గాలి కణాలు దగ్గరగా చేరే చోటు. దూరం జరిగే చోటు విరళీకరణం. స్టూడియోలో మేం చేసేది వేరు. ధ్వని గురించే చెప్పేటప్పుడు ఒకే మాటకు రెండు అర్థాలుంటే నేర్చుకునేవాడికి ఎంత ఇబ్బందో ఆ అబ్బాయి ముఖంలో కనిపించింది. అందుకే ఈ చర్చ మొదలుపెడుతున్నాను.

ముందు కంప్రెసర్ ఏం చేస్తుందో చెబుతాను. ధ్వనికి ఒక గీత గీస్తాం, దాన్ని త్రెషోల్డ్ అంటాం. గీత దాటిన మేరకు ధ్వనిని అది తగ్గిస్తుంది. రేషియో (తగ్గించే నిష్పత్తి) 4:1 అని పెడితే, గీతకు 12 డెసిబెల్స్ పైకి పోవాల్సిన దెబ్బ 3 డెసిబెల్స్ దగ్గరే ఆగుతుంది. పెద్ద చప్పుడుకీ చిన్న చప్పుడుకీ మధ్య ఉన్న దూరం తగ్గుతుంది. కాబట్టి దీనికి "కుదింపు" చాలు, అందరికీ తెలిసిన మాటే. "అణచివేత" అని వాడినవాళ్ళు ఉన్నారు కానీ, ఆ మాట వినగానే లాఠీలు గుర్తొస్తాయి, డ్రమ్స్ గుర్తుకు రావు.

అసలు చిక్కు "ప్యారలల్" దగ్గర ఉంది. సమాంతరం అనేయడం తేలిక. కానీ సమాంతర రేఖలు ఎప్పటికీ కలవవని కదా మనం లెక్కల్లో నేర్చుకున్నది! ఇక్కడ జరిగేదంతా కలవడం కోసమే. డ్రమ్స్ ధ్వనిని రెండుగా చీలుస్తాం. ఒకటి ముట్టుకోకుండా అలాగే పోతుంది. రెండోదాన్ని వేరే ఛానెల్‌కి పంపి, కంప్రెసర్‌తో గట్టిగా నలిపి, మొదటిదాని కింద కొద్దికొద్దిగా కలుపుతాం.

ఎందుకింత అంటే, నా పనిలోంచే ఒకటి చెబుతాను. ఒక పాటకి డప్పు రికార్డు చేశాం. డప్పుకి కుడిచేతిలో లావు కర్ర, ఎడమచేతిలో చిటికెన పుల్ల అనే సన్నటి పుల్ల ఉంటాయి. లావు కర్ర దెబ్బ గుండెకు తగులుతుంది. దరువుకి నడక ఇచ్చేది మాత్రం మధ్యమధ్యలో చిటికెన పుల్ల వేసే చిన్న చిన్న చప్పుళ్ళు. పాటలో మిగతా వాయిద్యాలు చేరేసరికి అవి వినపడలేదు. నేరుగా కంప్రెసర్ వేస్తే పుల్ల బయటికొచ్చింది, కానీ కర్ర దెబ్బ చప్పబడిపోయింది, ఎవరో డప్పు మీద దుప్పటి కప్పినట్టు. వాయించిన పెద్దాయన పక్కనే కూర్చుని విని "నా దెబ్బేదయ్యా?" అన్నాడు. ఆ కంప్రెసర్‌ని తీసేసి, పక్క ఛానెల్‌లో కాపీని నలిపి కింద కలిపాను. కర్ర దెబ్బ అలాగే ఉంది, పుల్ల లేచి కూర్చుంది. డ్రమ్ కిట్‌లో స్నేర్ డ్రమ్ మీద మెల్లగా వేసే చిన్న దెబ్బలకి, అంటే ఘోస్ట్ నోట్స్‌కి, జరిగేదీ ఇదే.

లెక్క చూడండి. మీటర్‌లో పెద్ద దెబ్బ పైన 0 డెసిబెల్స్ దగ్గర, చిన్నది దానికి 30 డెసిబెల్స్ కింద, అంటే మైనస్ 30 దగ్గర ఉందనుకోండి. కాపీ మీద గీతను ఆ మైనస్ 30 దగ్గరే పెట్టి, రేషియో 10:1 చేసి, తర్వాత 10 డెసిబెల్స్ పెంచి కలిపితే, పెద్ద దెబ్బ మొత్తం మీద 1 డెసిబెల్ కన్నా కాస్త ఎక్కువ పెరుగుతుంది. చిన్నది మాత్రం 12 డెసిబెల్స్ పైకి వస్తుంది. అంటే పని జరిగేది కింద. పైనున్నదాన్ని తొక్కడం కాదు ఇది, అడుగున ఉన్నదాన్ని లేపడం. మాస్టరింగ్ ఇంజనీర్ (మిక్స్ అయ్యాక పాటకు చివరి మెరుగులు దిద్దేవారు) బాబ్ కాట్జ్ కూడా దీన్ని కింది నుంచి పైకి చేసే కుదింపుగానే వివరిస్తారు.

ఈ పనికి మన దగ్గర ఒక మాట ఎప్పటి నుంచో ఉందని నాకనిపిస్తోంది. అది "వంత". బుర్రకథలో కథకుడు ముందు, అటూ ఇటూ గుమ్మెటలతో ఇద్దరు వంతలు. కథకుడు గొంతెత్తినప్పుడు వంత ఉన్నట్టే తెలియదు. కథకుడు ఊపిరి తీసుకునే చోట "తందాన తాన" వచ్చి ఆ ఖాళీ నింపుతుంది. షేక్ నాజర్ గారి బుర్రకథ విన్నవాళ్ళకి ఇది వేరే చెప్పక్కర్లేదు. మా మిక్సులోనూ అంతే: దెబ్బ పడినప్పుడు అసలు ఛానెల్ మాట చెల్లుతుంది, దెబ్బకీ దెబ్బకీ మధ్య నలిపిన కాపీ వినిపిస్తుంది. అందుకే "వంత కుదింపు" అంటే ఎలా ఉంటుంది? మీ అభిప్రాయం చెప్పండి.

వ్యాఖ్య: బాగుంది అన్నా, కానీ "వంత పాడటం" అంటే ఇప్పుడు అందరూ భజన చేయడం అనే అర్థంలోనే వాడుతున్నారు. టీవీ చర్చల్లో రోజూ అదే వింటున్నాం.

జవాబు: నిజమే తమ్ముడూ. కానీ ఆ చెడ్డ అర్థం "పాడు" అనే క్రియతో కలిసినప్పుడే వస్తోంది. "వంత" ఒక్కటే అంటే ఇంకా బుర్రకథ మనిషే గుర్తొస్తాడు. పైగా రాజకీయాల వాడకానికి భయపడి మంచి మాటను వదిలేసుకోవడం నాకు ఇష్టం లేదు.

వ్యాఖ్య: పాత కావ్యాల్లో వంత అంటే దుఃఖం కదండీ?

జవాబు: అవునండీ, ఆ అర్థమూ ఉంది. చదువుకున్నవారికి అది తట్టొచ్చు. వాడుక భాషలో ఇప్పుడు ఆ అర్థం వినపడదు కాబట్టి గందరగోళం రాదనే నా నమ్మకం.

వ్యాఖ్య: "పాయ" అంటే? నది లంక దగ్గర రెండు పాయలుగా చీలి మళ్ళీ కలుస్తుంది. జడకైనా పాయలే.

జవాబు: ఈ మాట నాకు చాలా నచ్చింది మేడమ్. చీలడం, కలవడం రెండూ ఇందులో ఉన్నాయి. ఒక్కటే లోటు: జడలో పాయలన్నీ సమానం. ఇక్కడ ఒకటి పెద్ద, ఒకటి దానికి సాయం. అయితే సిగ్నల్ వెళ్ళే దారికి "పాయ" అనే మాట తీసుకుంటాను. "అసలు పాయ, వంత పాయ" అంటే ఎవరికైనా ఇట్టే అర్థమవుతుంది.

వ్యాఖ్య: దీన్ని న్యూయార్క్ కంప్రెషన్ అంటారని విన్నాను. ఊరి పేరే పెట్టుకుంటే పోలేదా?

జవాబు: అక్కడి మిక్సింగ్ ఇంజనీర్లు బాగా వాడటం వల్ల ఆ పేరు వచ్చింది. కానీ పద్ధతి అక్కడే పుట్టిందనలేం. 1965లో వచ్చిన డాల్బీ ఎ నాయిస్ రిడక్షన్ (రికార్డింగులో గరగర తగ్గించే) పరికరం లోపలే ఈ రెండు దారుల ఏర్పాటు ఉంది. 1977లో స్టూడియో సౌండ్ పత్రికలో శాస్త్రీయ సంగీతం రికార్డింగుల కోసం ఈ పద్ధతిని వివరిస్తూ వ్యాసం వచ్చింది. పైగా ఊరి పేరు చెబితే మా కుర్రాడికి పని ఏమిటో తెలియదు కదా.

వ్యాఖ్య: నేను ఇంట్లో చేస్తే కాపీ కలపగానే డ్రమ్స్ సన్నబడిపోతున్నాయి. దానికీ ఒక తెలుగు మాట చెప్పండి సార్.

జవాబు: వంత వెనకబడింది, అంతే! కాపీ మీద పెట్టిన ప్లగిన్ (సాఫ్ట్‌వేర్‌లోని కంప్రెసర్ లాంటిది) ఆలస్యం చేస్తోంది. ఒక్క మిల్లీసెకను తేడా వచ్చినా 500 హెర్ట్జ్ దగ్గర, 1500 దగ్గర, అలా వరుసగా గండ్లు పడతాయి, అంటే ఆ చోట్ల ధ్వని తగ్గిపోతుంది. అప్పుడు స్నేర్ డొల్లగా మోగుతుంది. మీ సాఫ్ట్‌వేర్‌లో ఆలస్యాన్ని సరిచేసే సెట్టింగ్ ఆన్‌లో ఉందో లేదో చూడండి. కాపీ ఛానెల్‌ మీద ఈక్యూ (బాస్, ట్రెబుల్ పాళ్ళు మార్చేది) ఉంటే కాసేపు ఆపి వినండి. అప్పటికీ డొల్లగానే ఉంటే ఆ ఛానెల్ ఫేజ్ తిప్పి (తరంగాన్ని తలకిందులు చేసి) చూడండి, తిప్పగానే ఒళ్ళు వచ్చిందంటే తప్పు అక్కడే ఉంది.