నది జరిగితే సరిహద్దూ జరగాలా?

పటాలపిచ్చి:
అమెరికా, మెక్సికోల మధ్య సుమారు 2,000 కిలోమీటర్ల మేర సరిహద్దు రియో గ్రాండే నదే. 1848 నాటి గ్వాడలూపే హిడాల్గో ఒప్పందం నది నడుమ గీత గీసింది. నీటి మీద రాత అంటే ఇదే! గీతను అక్షాంశ రేఖాంశాలకు కట్టేసి, నదిని దాని దారిన పోనివ్వాలని నా వాదన.

గట్టుమనిషి:
ఒప్పుకోను. నది మలుపు తెంచుకుని పక్కకు దూకితే మీ దేశపు ముక్క అవతలి ఒడ్డున మిగిలిపోతుంది. అక్కడికి మీ పోలీసులు నది దాటి వెళ్లాలి, వాళ్ల పోలీసులు అడుగు పెట్టకూడదు. దొంగరవాణాకు అంతకంటే ఏం కావాలి? కార్డోవా దీవినే చూడండి. దీవి అన్నది పేరుకే. వరద తాకిడి తగ్గించడానికి 1899లో మలుపుకు అడ్డంగా కాలువ తవ్వితే, నదికి ఉత్తరాన చిక్కుకుపోయిన మెక్సికో నేల అది. ఇలా తెగిపడిన ముక్కలను అక్కడ బాంకోలు అంటారు. 1905 ఒప్పందం ప్రకారం 250 హెక్టార్లు, 200 మంది జనాభా మించని బాంకో ఏ ఒడ్డున పడితే ఆ దేశానిదే. సొంతదారుల హక్కులు మాత్రం చెక్కుచెదరవు. ఇంతకంటే తెలివైన నియమం నాకు కనిపించలేదు.

మేటనేల:
అంత సులువైతే టెక్సస్‌లోని ఎల్ పాసో నగరం దగ్గర రెండు దేశాలూ తమదేనన్న చమిజాల్ నేల గొడవ వందేళ్లు ఎందుకు నడిచింది? రెండు దేశాలూ ఒప్పుకున్న 1884 నియమం ఏమిటంటే, ఒడ్డు నెమ్మదిగా కోతకు గురైతే గీత నదితో కదులుతుంది, నది హఠాత్తుగా దారి మార్చితే గీత పాత గాడిలోనే ఉంటుంది. ఎల్ పాసో దగ్గర నది రెండూ చేసింది! 1864 వరదకు ముందు జరిగింది కోత, ఆ తరువాతది హఠాత్తు మార్పు, కాబట్టి 1864 నాటి గాడి వెంట పంచుకోండని 1911లో మధ్యవర్తులు చెప్పారు. ఆ గాడి ఎక్కడుందో తేల్చడం అసాధ్యమని అమెరికా తీర్పును తోసిపుచ్చింది.

పటాలపిచ్చి:
ఇది నా వాదనకే బలం కదా. 1963లో ఒప్పందం చేసుకుని గీతను స్థిరపరిచాకే గొడవ ముగిసింది.

గట్టుమనిషి:
ఎలా స్థిరపరిచారో కూడా చెప్పండి. నదిని సుమారు 7 కిలోమీటర్ల కాంక్రీటు కాలువలోకి మళ్లించారు, ఎల్ పాసోలో దాదాపు 5,000 మందిని ఖాళీ చేయించారు. మీరు గీతను కట్టేద్దామన్నారు, వాళ్లు కట్టేసింది నదిని.

మేటనేల:
గట్టుమనిషి గారూ, మీ నియమానికీ ఒక చిక్కు. 1906లో ఒక నీటిపారుదల సంస్థ అక్రమంగా కాలువ తవ్వి నదిని మళ్లించింది. కొంత అమెరికా నేల దక్షిణ ఒడ్డున పడింది. దాని మీదే రియో రికో అనే మెక్సికన్ ఊరు పెరిగింది. 1970 ఒప్పందం పుణ్యమా అని 1977లో ఆ నేల మెక్సికోకు దక్కింది. అయితే అంతకుముందు అక్కడ పుట్టిన ఒకాయన అమెరికా పౌరుడేనని 1978లో అమెరికా వలస అప్పీళ్ల మండలి తేల్చింది. నది చెప్పినట్టే వింటే ఆయన ఏ దేశస్థుడు?