"తనువున్ డస్సెన్": డకారమా, దకారమా?

పోస్టు (నల్లగొండ, మెడిసిన్ పీజీ): ఓపీకి దేవరకొండ వైపు నుంచి ఒక పెద్దాయన వచ్చాడు. వేలితో ఎడమ రెప్ప ఎత్తి పట్టుకొని, "పొద్దున మంచిగనే ఉంట సారూ, పొద్దూకితే సాతనైతలేదు" అన్నాడు. అప్పటినుంచి పోతన గజేంద్రమోక్షం పద్యమే నోట్లో ఆడుతోంది. "మూర్ఛ వచ్చెఁ దనువున్..." తరువాత దస్సెనా, డస్సెనా? ఇంకొకటి: ఈ "సాతనైతలేదు"ను బలం లేదని రాయాలా, అలసట అని రాయాలా?

మహబూబ్‌నగర్, రిటైర్డ్ తెలుగు పండిట్: డకారమే. శార్దూలంలో యతి పదమూడో అక్షరం. పాదం "ఠావుల్" అని మొదలైంది కదా, ఠాకు డ కుదురుతుంది, ద కుదరదు.

మిర్యాలగూడ: మా నాయనమ్మ దస్సెన్ అనే చదివేది సార్. వినడానికి అదే మెత్తగా ఉంటుంది.

పండిట్: ఆమె గొంతుకు నమస్కారం. యతి ఒప్పుకోదు.

అచ్చంపేట: అసలు అందం మొదటి పాదంలో ఉంది. ముందు "లావొక్కింతయు లేదు" అని, అంటే బలం కొంచెమూ లేదని, తరువాత "డస్సెన్", అంటే అలసిందని అన్నాడు. రెండూ ఒకటే అయితే అంతటి కవి రెండుసార్లు ఎందుకంటాడు? పోరాడేకొద్దీ ఏనుగు బలం తరగడం చూసి రాసిన మాట అది.

పీజీ: మేము తేల్చుకునేదీ అదే. కండరమే చెడితే పూటతో పని లేకుండా మెట్లెక్కడం, నేల మీద నుంచి లేవడం కష్టమవుతుంది, రక్తంలో సీకే (కండరం దెబ్బతింటే బయటికొచ్చే ఎంజైము) తరచుగా పెరుగుతుంది. మయస్తీనియా అనే జబ్బులో తేడా నరం కండరాన్ని కలిసేచోట. వాడేకొద్దీ బలం తరిగి, కాసేపు ఆగితే మళ్లీ వస్తుంది. పెద్దాయనను నిమిషం పాటు పైకి చూడమంటే రెప్ప ఇంకా దిగింది. రెండు నిమిషాలు ఐస్ పెడితే లేచింది. నరానికి సెకనుకు 3 సార్లు కరెంటు ఇచ్చినప్పుడు కండరం స్పందన 10 శాతానికి మించి పడిపోతే అనుమానం గట్టిపడుతుంది. యాంటీబాడీలకు రక్తం పంపాం.

మర్రిగూడ: మా దిక్కు కాళ్లు పడిపోతే ముందు ఫ్లోరైడ్ అనే అంటారు డాక్టరుగారూ.

పీజీ: అందులో ఎముక పెరిగి వెన్నుపామును నొక్కుతుంది, కాళ్లు బిగుసుకుంటాయి. రెప్ప వాలదు.

వనపర్తి, ఫిజియోథెరపిస్టు: లావు సంగతి ఇంకా ఉంది. కండరాలు క్షీణించే దుషెన్ జబ్బున్న పిల్లల పిక్కలు చూడండి. లావుగానే ఉంటాయి, లావు ఉండదు. పోతన నాటి అర్థం, మన నాటి అర్థం ఒకే కాలిలో.

అచ్చంపేట: భేష్! "శ్రమంబయ్యెడిన్" కూడా చూడండి. తప్పెను, వచ్చె, డస్సెన్ అన్నీ జరిగిపోయినవి, శ్రమ ఒక్కటే ఇంకా జరుగుతోంది. పెద్దాయన "సాతనైతలేదు" కూడా జరుగుతున్నదే.

పండిట్: గణం కోసం వేసిన "ఎడిన్" అది. అంత లాగకండి.

అచ్చంపేట: పోతన గణం కోసం మాట వేశాడంటే నేను ఒప్పుకోను సార్. ఇంకో పద్యం చూపించండి.