డొన్యానా ఎండిపోతోందట, అయినా వెళ్లాలా? (స్పెయిన్, అండలూసియా)

మాడ్రిడ్_మాధవి
అందరికీ నమస్తే. ఆగస్టు సెలవులకి అండలూసియా వెళ్దామనుకుంటున్నాం. మా అబ్బాయికి పక్షుల పిచ్చి, అందుకే డొన్యానా నేషనల్ పార్కు అనుకున్నాను. మా ఆఫీసులో ఒకావిడ మాత్రం "అక్కడ నీళ్లెక్కడివి? స్ట్రాబెర్రీ తోటలు, టూరిస్టులు కలిసి తోడేశారు. మీరూ వెళ్లి ఆ పాపంలో చెయ్యి కలపకండి, లింక్స్‌ని (అడవిపిల్లి జాతి జంతువు) చూడాలంటే ఆండూహార్ కొండలకు వెళ్లండి" అంది. నిజంగా మానేయాలా?

సెవిల్లా_శీను
మాధవి గారూ, తప్పకుండా వెళ్లండి, కానీ ఆగస్టులో వద్దు. డొన్యానాలో రెండు రకాల నీళ్లున్నాయి. ఈ తేడా తెలియక చాలామంది వాదించుకుంటారు. ఒకటి గ్వాదల్‌కివీర్ నది పక్కన ఉన్న పెద్ద చిత్తడి మైదానం. అడుగున బంకమన్ను, పైన వాన నీళ్లు, వాగుల నీళ్లు. చలికాలంలో నిండుతుంది, ఎండాకాలంలో ఎండుతుంది. అది ఎప్పటినుంచో ఉన్న తీరే. ఆగస్టులో బీటలువారిన బురదని ఫొటో తీసి "చచ్చిపోయింది" అంటే కుదరదు.

రెండోది ఇసుక నేలల్లోని మడుగులు. వాటికి ప్రాణం భూగర్భజలమే. అన్నిటికన్నా పెద్దది సాంతా ఒలాయా. ఎండాకాలంలో కూడా నీళ్లు ఉండాల్సిన మడుగు అది, 2022లో పూర్తిగా ఎండిపోయింది, తర్వాతి ఏడాదీ అంతే. భయపడాల్సింది దీన్ని చూసి.

పాలోస్_ప్రసాద్
నేను ఇక్కడే వెల్వా జిల్లాలో ఒక స్ట్రాబెర్రీ ప్యాకింగ్ షెడ్‌లో పనిచేస్తున్నాను కాబట్టి నా మాట కూడా వినండి. స్పెయిన్‌లో పండే స్ట్రాబెర్రీల్లో తొంభై శాతం పైగా ఈ ఒక్క జిల్లావే. జనవరి నుంచి ఎండలు ముదిరేదాకా కోత. మొరాకో నుంచి ఆడవాళ్లు కాంట్రాక్టు మీద వస్తారు, వాళ్ల ఇళ్లు ఈ కూలి డబ్బుతో నడుస్తాయి. లేపె, కార్తాయా వైపు తోటలకు రిజర్వాయర్ల నీళ్లే వస్తాయి. అందరినీ ఒకే గాటన కట్టి "స్ట్రాబెర్రీ కొనకండి" అంటే, పద్ధతిగా చేసుకునే రైతు కూడా మునుగుతాడు. వరసగా కరువొచ్చిన సంగతి కూడా మర్చిపోవద్దు.

సెవిల్లా_శీను
ప్రసాద్ గారూ, లేపె సంగతి ఒప్పుకుంటాను. గొడవ అక్కడ కాదు. పార్కుకి ఉత్తరాన ఆల్మోంతే, మొగేర్, లూసేనా దెల్ పుయెర్తో, బొనారెస్, రొసియానా ఊళ్ల దగ్గర. 2014లో ప్రభుత్వం ప్లాన్ వేసి, 2004కి ముందు సాగులో ఉన్న భూమికే నీటి హక్కు అంది. ఆ తర్వాత పైన్ అడవి నరికి ప్లాస్టిక్ పందిళ్లు వేసినవాళ్లు కూడా హక్కు కావాలన్నారు. అనుమతి లేని బోర్లు వందల్లో ఉన్నాయి. 2021లో యూరప్ న్యాయస్థానం స్పెయిన్‌ని తప్పుపట్టింది కూడా ఈ నీటి తోడకం గురించే. 2023లో అండలూసియా ప్రభుత్వం సాగుభూమి పెంచే చట్టం తేబోయి, ఊరంతా, దేశమంతా గొడవయ్యాక నవంబరులో పక్కన పెట్టింది. బదులుగా చుట్టుపక్కల ఊళ్లకి 140 కోట్ల యూరోల ప్యాకేజీ. కరువు వస్తుంది, పోతుంది. 2025 మార్చిలో వానలు కుమ్మరించి మైదానం నిండింది కదా! కానీ కింది నీళ్లు ఒక్క వానకి తిరిగి రావు.

గూడకొంగ
అందరూ తోటల్నే అంటున్నారు. మతలస్కాన్యాస్ బీచ్ మాటేమిటి? పార్కుని ఆనుకుని హోటళ్లు, అపార్ట్‌మెంట్లు, వేసవిలో జనమే జనం. ఆ నీళ్లు కూడా అదే ఇసుక కిందనుంచి తోడతారు, బోర్లు సాంతా ఒలాయాకి దగ్గర్లోనే. పైగా పార్కు అంచున ఉన్న ఎల్ రొసియో ఊరి నుంచి బీచ్‌కి వెళ్లే రోడ్డు మీద లింక్స్ బొమ్మతో హెచ్చరిక బోర్డులు పెట్టినా కార్ల కింద పడుతూనే ఉన్నాయి. మాధవి గారి కొలీగ్ మాటలో నిజం ఉంది. టూరిస్టు అమాయకుడేం కాదు.

కొల్లేటి_కోడలు
మాది కైకలూరు. 1999లో కొల్లేరుని అభయారణ్యం అన్నారు, 2006లో చేపల చెరువుల గట్లు కొట్టేశారు. బతుకుతెరువు చూపించకుండా కొట్టిన చోట మళ్లీ చెరువులు లేచాయి. డొన్యానాలో బోర్లు మూసినా అదే భయం. అందుకే పార్కు వల్ల ఆ ఊళ్లకి నాలుగు డబ్బులు రావాలి. పక్షిని చూడటానికి వచ్చినవాడు ఊళ్లో గది తీసుకుంటే, ఆ ఊరివాళ్లకి పక్షి కూడా లెక్కలోకి వస్తుంది. మనం మానేస్తే ఆ ఊళ్లకి తోట ఒక్కటే దిక్కు.

గూడకొంగ
అక్కా, గది తీసుకున్నవాడు కూడా షవర్ తిప్పుతాడు కదా. నేనైతే ఆండూహారే అంటాను.

సెవిల్లా_శీను
లింక్స్ ఒక్కటే కావాలంటే ఆండూహారే మేలు, అందులో వాదన లేదు. డిసెంబరు, జనవరిల్లో జోడు కట్టే కాలం, పగలు కూడా తిరుగుతాయి. బండరాళ్లు, ఓక్ చెట్ల మధ్య మట్టిరోడ్డు పక్కన దుర్భిణి పట్టుకుని గంటలు నిలబడాలి. 2002లో వంద కూడా లేని జంతువు, 2024 లెక్కలో స్పెయిన్, పోర్చుగల్ కలిపి 2,400 దాటింది. అప్పట్లో మిగిలిన రెండు గుంపుల్లో ఒకటి డొన్యానాది. బోనులో మొదటి పిల్లలు పుట్టింది కూడా ఇక్కడి ఎల్ అసెబూచే కేంద్రంలోనే, 2005లో. దీన్ని వదిలేసి దాన్ని చూస్తామంటే నాకు మనసొప్పదు.

మీ అబ్బాయికి పక్షులు కావాలంటున్నారు. ఫిబ్రవరిలో ఎల్ రొసియోలో దిగండి. ఊళ్లో వీధులన్నీ ఇసుకే, ఇళ్ల ముందు గుర్రాలు కట్టే కొయ్యలు. చర్చి ఎదురుగా నీళ్లు, రోడ్డు మీద నిలబడితే చాలు, ఫ్లెమింగోలు, తెడ్డుమూతి కొంగలు కనిపిస్తాయి. ఉత్తర యూరప్ బాతులు అప్పటికింకా ఉంటాయి. ఒక పూట ఇస్లా మాయోర్ వరి మళ్ల వైపు వెళ్లండి. కోసిన మడుల్లో కంకణం పక్షులు (గ్లాసీ ఐబిస్) మేస్తుంటే గోదావరి జిల్లాలో ఉన్నట్టే ఉంటుంది.

మాడ్రిడ్_మాధవి
అయితే ఫిబ్రవరికి మార్చేస్తున్నాను. బస ఎల్ రొసియోలోనే, మతలస్కాన్యాస్ వైపు పోము. గూడకొంగ గారూ, రోడ్డు మాట గుర్తుంటుంది, చీకటి పడ్డాక కారు తియ్యం. పార్కు లోపలికి సొంత కారు వెళ్తుందా?

సెవిల్లా_శీను
వెళ్లదు. ఎల్ అసెబూచే దగ్గర గైడుతో వెళ్లే బస్సులున్నాయి, ముందే బుక్ చేసుకోండి. పొరపాటున కూడా పెంతెకోస్తు పండగ వారంలో పెట్టుకోకండి, ఎల్ రొసియో చర్చికి లక్షల్లో యాత్రికులు వస్తారు, గది దొరకదు.