ఇల్లు ఇప్పుడే నా పేరున రాయించుకోవాలా, వీలునామా చాలా? (నాన్నకి పక్షవాతం, తమ్ముడి సంగతి కూడా ఉంది)

గోదారి అంచు:
అందరికీ నమస్కారం అండి. మాది కాకినాడ. నాన్నగారు రిటైర్డ్ హెడ్‌మాస్టరు, 76 ఏళ్ళు. పోయిన సంక్రాంతి తర్వాత పక్షవాతం వచ్చి కుడివైపు పడిపోయింది, మాట ముద్దగా వస్తుంది కానీ తెలివి పూర్తిగా ఉంది. అమ్మకి 70, మోకాళ్ళు పనిచెయ్యవు. తమ్ముడికి 37, పుట్టుకతోనే బుద్ధిమాంద్యం, స్నానం దగ్గర్నుంచి అన్నం దాకా ఒకరు దగ్గరుండాలి. నేను హైదరాబాద్‌లో ఉద్యోగం, చెల్లెలు రామచంద్రపురంలో ఉంటుంది. పగలు వచ్చే అటెండెంట్‌కి 18 వేలు, ఫిజియోథెరపీ రోజు విడిచి రోజు 500, డైపర్లు మందులు వేరే, నాన్నగారి పెన్షన్ ఇరవయ్యో తారీఖుకే అయిపోతుంది, మిగతాది నేను వేస్తున్నా. ఇప్పుడు నాన్నగారు 220 గజాల ఇల్లు నా పేరున దానపత్రం రాసేస్తాను, మమ్మల్నీ తమ్ముడినీ నువ్వే చూసుకో అంటున్నారు. చెల్లెలు వీలునామా చాలు కదా అంటుంది. ఏది మంచిదో తెలిసినవాళ్ళు చెప్పండి.

విశ్రాంత రెవెన్యూ:
బతికుండగా రాయొద్దు. రాయొద్దంటే రాయొద్దు. 31 ఏళ్ళు రెవెన్యూలో చేశాను, ఆర్డీఓ ఆఫీసు వరండాలో కూర్చున్న ముసలివాళ్ళని చూసి చూసి చెప్తున్నా. మా మేనత్త రెండంతస్తుల మేడ కొడుక్కి రాసిచ్చింది, ఏడాది తిరక్కుండా మేడ కింద మెట్ల పక్క గదిలోకి మార్చారు, ఆఖరికి సత్రంలో పోయింది. ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, దాటాక బోడి మల్లయ్య. వీలునామా అయితే ఎన్నిసార్లైనా మార్చుకోవచ్చు, ఆఖరిది చెల్లుతుంది, ఇద్దరు సాక్షులు చాలు, రిజిస్టర్ చెయ్యడం తప్పనిసరి కూడా కాదు, చేయిస్తే మంచిది. గుప్పిట్లో ఆస్తి ఉన్నంతకాలమే మంచం దగ్గరికి మనుషులు వస్తారు.

రవి 1979:
ఫాలోయింగ్. మా ఇంట్లోనూ ఇదే.

నల్లకోటు బెజవాడ:
పెద్దాయన చెప్పింది సగమే. 2007 లో వచ్చిన తల్లిదండ్రుల, వయోవృద్ధుల చట్టంలో 23వ సెక్షన్ ఉంది. 60 దాటినవాళ్ళు, తమ అవసరాలు చూడాలన్న షరతుతో ఆస్తి రాసిచ్చాక తీసుకున్నవాడు చూడకపోతే, ఆ దస్తావేజు చెల్లదని ఆర్డీఓ ట్రిబ్యునల్ ప్రకటించొచ్చు. కీలకం ఏంటంటే షరతు ఉండాలి. 2022 డిసెంబరులో సుదేశ్ ఛికారా కేసులో సుప్రీంకోర్టు ఇదే చెప్పింది, షరతు ఉన్నట్టు చూపించలేకపోతే 23 పనికిరాదు అని. దానపత్రంలో "ప్రేమాభిమానాలతో ఇస్తున్నాను" అని మాత్రమే రాస్తే తర్వాత ఏడ్చినా లాభం లేదు. షరతు స్పష్టంగా రాయించి, అమ్మానాన్నలకి జీవితకాలం అనుభవ హక్కు ఉంచుకుని సెటిల్‌మెంట్ డీడ్, అంటే ఇంట్లోవాళ్ళకి షరతులతో ఆస్తి రాసిచ్చే దస్తావేజు, చేసుకుంటే దానపత్రానికి భయపడక్కర్లేదు.

విశ్రాంత రెవెన్యూ:
షరతు రాస్తే సరిపోతుందా లాయరు గారూ. ట్రిబ్యునల్‌కి వెళ్ళాల్సింది ఎవరు? కొడుకు మీద కేసు పెట్టాల్సింది ఎవరు? మంచాన పడ్డ మనిషి. అటెండెంట్ సాయం లేకుండా పక్కకి తిరగలేని మనిషి ఆర్డీఓ ఆఫీసు మెట్లెక్కి నా కొడుకు అన్నం పెట్టట్లేదని అర్జీ ఇవ్వాలి. ఆ ట్రిబ్యునల్ కొడుకు చేత ఇప్పించే భరణం అయినా మన దగ్గర నెలకి 10 వేలు దాటదు. ఈయన అటెండెంట్‌కే 18 వేలు అంటున్నారు.

నల్లకోటు బెజవాడ:
నేను భరణం గురించి మాట్లాడలేదు, 23 గురించి మాట్లాడాను, రెండూ కలపకండి. 2025 జనవరి 2న ఊర్మిళా దీక్షిత్ కేసు చూడండి. ఆ తల్లి ఇల్లు రాసిచ్చిన రోజే కొడుకు వేరే వచనపత్రం రాసిచ్చాడు, చూడకపోతే వెనక్కి తీసుకోవచ్చు అని. సుప్రీంకోర్టు దానపత్రం రద్దు చేసి ఇల్లు ఆవిడకి అప్పగించమంది. చట్టం పెద్దవాళ్ళకి మేలు చెయ్యడానికి పుట్టింది కాబట్టి ఉదారంగా చదవాలి అంది. అంటే షరతు వేరే కాగితంలో ఉన్నా...

విశ్రాంత రెవెన్యూ:
అదే, వేరే కాగితం, సుప్రీంకోర్టు. మా మేనత్త సుప్రీంకోర్టు దాకా వెళ్ళాలా?

పద్మ వరంగల్:
మీరిద్దరూ కాయితాల మీదనే కొట్లాడుతున్రు. నేను చెప్త వినుండ్రి. మా అమ్మకు మతిమరుపు రోగం, ఆరేండ్లు నేనే చేసిన. ఇల్లు మా నాయిన ముందే మా అన్నకు రాసిండు, నీకు పెండ్లప్పుడు కట్నం ఇచ్చినం గద అన్నరు. మంచిదని ఊకున్న. మరి అమ్మ మూత్రం ఎత్తేటప్పుడు ఇల్లున్నోడు ఏడున్నడు? బెంగళూరుల. నెలకు 5 వేలు పంపేటోడు, పంపినంక ఫోన్ చేసి అందినయా అని అడిగేటోడు, అమ్మ ఎట్లున్నదని తర్వాత అడిగేటోడు. ఇంకో ముచ్చట, అమ్మ పేరు మీద ఎఫ్‌డీ ఉండె, సంతకం చేసే తెలివి పోయినంక బ్యాంకోళ్ళు పైసలు ఇయ్యలే. ముందే జీపీఏ, అమ్మ బదులు మేము సంతకం పెట్టే అధికారపత్రం, చేయించినం అంటే గది ఇప్పుడు చెల్లదన్నరు. అమ్మ పైసలు బ్యాంకుల ఉండంగ అమ్మ డైపర్లకు నేను మిత్తికి తెచ్చిన.

నల్లకోటు బెజవాడ:
పద్మ గారూ, జీపీఏ సంగతి బ్యాంకు చెప్పింది నిజమే. ఇచ్చిన మనిషికి మతి స్థిమితం పోతే ఆ అధికారం పోతుంది, కాంట్రాక్ట్ చట్టంలోనే ఉంది. అందుకే ముందే జాయింట్ ఖాతా, ఇద్దరిలో ఎవరైనా తీసుకునేలా పెట్టుకోవాలి. గోదారి అంచు గారూ మీ నాన్నగారి ఖాతాలో అమ్మగారి పేరుందా చూసుకోండి ముందు. కానీ అసలు ప్రశ్న షరతు గురించి.

డాలస్ లో ఉన్నా:
ఆ బెంగళూరు అన్నలాంటివాణ్ణే నేను, అందుకని కోపం రాకుండా చదవండి. మా అమ్మని హైదరాబాద్‌లో వృద్ధుల కేర్ హోమ్‌లో పెట్టాను, నెలకి 45 వేలు కడతాను, నర్సు ఉంటుంది, డాక్టరు వస్తాడు. నేను చేసేదాని కంటే వాళ్ళే బాగా చేస్తారు. మీ ఇల్లు అమ్మేసి ఆ డబ్బు బ్యాంకులో వేసి వడ్డీతో ముగ్గురినీ మంచి చోట పెట్టండి. ఎవరి పేరున రాయాలి అనే గొడవే ఉండదు.

పద్మ వరంగల్:
కోపం రాకుండ ఎట్ల చదవాలె? ముగ్గురినీ పెట్టుండ్రి అని ఎంత అలకగ అన్నరు, సామాన్లు గోదాముల పెట్టినట్టు. 45 వేలు కట్టేటోళ్ళకు చేస్తున్నం అనిపిస్తది, చేసేటోళ్ళకు ఎవ్వరు కట్టరు.

డాలస్ లో ఉన్నా:
మీ అన్నయ్య మీద కోపం నా మీద చూపించొద్దు. ఇక్కడ రెండు ఉద్యోగాలు చేసి కడుతున్నా. మా అమ్మ పోయిన దసరాకి వీడియో కాల్‌లో నన్ను గుర్తుపట్టలేదు. నాకు బాధ లేదనుకుంటున్నారా? ఇంట్లో కోడలో కూతురో ఉద్యోగం మానేసి చెయ్యడమే ప్రేమ అని ఎవరు పెట్టారు ఈ రూలు?

పద్మ వరంగల్:
నేను టైలరింగ్ షాపు బందు పెట్టి చేసిన. ఆ రూలు నేను పెట్టలే. నాకు ఎవ్వరు అడగకుండ పెట్టిన్రు.

కొబ్బరాకు:
ఇద్దరూ ఆగండి, పాపం అడిగినాయన భయపడి పారిపోతాడు.

నల్లకోటు బెజవాడ:
షరతు వాక్యం నేనే రాసిస్తాను, కాపీ చేసుకోండి: "నన్నూ నా భార్యనూ జీవితాంతం తిండి, బట్ట, వసతి, వైద్యంతో పోషించాలనే షరతుపై..."

చిన్నోడి అమ్మ:
గుంటూరు నుంచి. నా కొడుక్కి 24, సెరిబ్రల్ పాల్సీ. ఇందాకటి నుంచి ఎదురుచూస్తున్నా ఆ తమ్ముడి గురించి ఒక్కరైనా మాట్లాడతారేమో అని. షరతు షరతు అంటున్నారు లాయరు గారూ, ఆ 23వ సెక్షన్ రాసిచ్చినవాళ్ళ కోసం కదా? రాసిచ్చేది 76 ఏళ్ళ నాన్నగారు. ఆయన పోయాక 37 ఏళ్ళ తమ్ముణ్ణి ఇంట్లోంచి పంపేస్తే ఏ ఆర్డీఓ దగ్గరికి వెళ్తాడు? మీరు రాసిన వాక్యంలో కూడా నన్నూ నా భార్యనూ అనే ఉంది, ఆ పిల్లాడు లేడు. రెవెన్యూ గారూ మీ వీలునామా కూడా అంతే. తమ్ముడి పేరున ఇల్లు రాసినా అతను సంతకం పెట్టలేడు, పన్ను కట్టలేడు, ఎవడో వేలిముద్ర వేయించుకుంటే అడ్డుకోలేడు.

గోదారి అంచు గారూ, నేను చేసింది చెప్తా. ముందు నేషనల్ ట్రస్ట్ చట్టం, 1999 ది. ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, బుద్ధిమాంద్యం, బహుళ వైకల్యం ఉన్నవాళ్ళకి 18 దాటాక కూడా చట్టపరమైన గార్డియన్‌ని పెట్టుకోవచ్చు. కలెక్టరు ఉండే లోకల్ లెవెల్ కమిటీకి అర్జీ పెట్టాలి. 18 నిండగానే తల్లిదండ్రుల సంతకం చెల్లదని చాలామందికి తెలియదు, నాకూ బ్యాంకులో చెప్పేదాకా తెలియదు. గార్డియన్ ఊరికే కూర్చునే పదవి కాదు, ఆరు నెలల్లో ఆస్తి వివరాలు ఇవ్వాలి, ఏటా లెక్కలు చూపాలి, సరిగా చూడకపోతే తీసేస్తారు. ఆ లెక్కల భయమే నా పిల్లాడికి రక్ష. రెండోది, మీ నాన్నగారు గవర్నమెంట్ టీచరు కదా, వైకల్యం వల్ల సంపాదించుకోలేని కొడుక్కి తల్లిదండ్రుల తర్వాత జీవితాంతం ఫ్యామిలీ పెన్షన్ వస్తుంది. అతని పేరు పెన్షన్ కాగితాల్లో ఉందా? వైకల్య సర్టిఫికెట్ ఉందా? నాన్నగారు మాట్లాడగలిగినప్పుడే చేయించండి. ఇల్లు అంటారా, తమ్ముడి బాగు కోసమే ఇల్లు వాడేలా ట్రస్టు రాసి మీరూ చెల్లెలూ ఇద్దరూ ట్రస్టీలుగా, అంటే దాన్ని చూసుకునేవాళ్ళుగా ఉండండి, ఒక్కరి చేతిలో పెట్టకండి. నిద్రలో నాకు వచ్చే భయం ఒక్కటే, నేను పోయిన తెల్లారి వాడికి పళ్ళు ఎవరు తోముతారు అని. ఇల్లు ఎవరిది అనేది నాకు ఆ తర్వాతే.

విశ్రాంత రెవెన్యూ:
అమ్మా, పెన్షన్ మాట నూటికి నూరుపాళ్ళు నిజం, నాకు తట్టనందుకు సిగ్గుగా ఉంది. ఎంతోమంది తండ్రులు పేరు ఎక్కించకుండా పోయారు, తర్వాత ఆ పిల్లల కోసం ఏళ్ళ తరబడి తిరిగారు. కానీ ట్రస్టయినా వీలునామా ద్వారానే పెట్టమంటాను, బతికుండగా కాదు.

నల్లకోటు బెజవాడ:
ఒప్పుకుంటున్నా, 23 తమ్ముడికి వర్తించదు. సెటిల్‌మెంట్ డీడ్‌లో తమ్ముడి పోషణ ఖర్చుని ఇంటి మీద చార్జ్‌గా పెట్టొచ్చు, అప్పుడు ఇల్లు ఎవరి చేతికి పోయినా ఆ బాధ్యత పోదు. మొదటి రోజే అడగాల్సింది నేను.

డాలస్ లో ఉన్నా:
గోదారి అంచు గారూ ఒకటి అడుగుతా, తప్పుగా అనుకోకండి. మీ నాన్నగారు చెల్లెలికి కాకుండా మీకే ఎందుకు రాస్తానంటున్నారు? మీరు తమ్ముణ్ణి హైదరాబాద్ తీసుకెళ్తారా?

గోదారి అంచు:
రెండు రోజులు ఏం రాయాలో తెలియక రాయలేదు. నిజం చెప్తాను. తీసుకెళ్ళలేను. మాది రెండు గదుల ఫ్లాటు, ఇద్దరు ఆడపిల్లలు, నా భార్య కుదరదని పెళ్ళైన కొత్తలోనే చెప్పింది, ఆమెని తప్పు పట్టలేను. నాన్నగారికి అది తెలుసు. తెలిసే ఇల్లు రాస్తానంటున్నారు, ఇల్లు తీసుకున్నాక వదిలెయ్యలేడు కదా అని. చెల్లెలు వీలునామా అన్నప్పుడు వాటా కోసం అనుకున్నాను, ఆ మాట అనేశాను కూడా. అప్పట్నుంచీ మాట్లాడట్లేదు. తమ్ముడు దాని దగ్గరే అన్నం తింటాడు సరిగ్గా. నేను పెడితే తినడు.

పద్మ వరంగల్:
తమ్మీ, మీ చెల్లెను అడిగినవా? కాయితం గురించి గాదు. నువ్వు చేస్తవా, చేస్తే నీకేం గావాలె అని అడిగినవా? నాకు ఆ మాట మా అన్న ఒక్కనాడు అడిగుంటే ఇల్లు వాడే ఉంచుకోమందును.

గోదారి అంచు:
అడగలేదండి.

గోదారి అంచు:
ఆదివారం రామచంద్రపురం వెళ్ళొచ్చాను. మొదటి గంట తిట్టింది. తర్వాత చెప్పింది. తమ్ముణ్ణి నేను చూస్తాను అన్నయ్యా, ఇల్లు నాకొద్దు, కానీ అటెండెంట్ డబ్బులు నెలనెలా అడక్కుండా నా ఖాతాలో పడాలి, మా ఆయన ముందు నేను నీకు ఫోన్ చేసి అడుక్కునే పరిస్థితి రాకూడదు, ఏడాదికి ఒక నెల నువ్వొచ్చి వాడి దగ్గర ఉండాలి, నేను మనిషినే కదా. ఆ నెల సంగతి రాసి ఇవ్వమంది, దస్తావేజులో కాదు, మామూలు కాగితం మీద. రాసిచ్చాను. కలెక్టరేట్‌కి గార్డియన్ అర్జీ చెల్లెలి పేరున పెడుతున్నాం. ఇల్లు తమ్ముడి కోసం ట్రస్టు కిందకి వచ్చేలా వీలునామా, ఇద్దరం ట్రస్టీలం. నాన్నగారు కదల్లేరు కదా, రిజిస్ట్రేషన్ ఎలా?

విశ్రాంత రెవెన్యూ:
సబ్ రిజిస్ట్రారే ఇంటికి వస్తారు, ప్రైవేట్ అటెండెన్స్ అంటారు, అర్జీ పెట్టి ఫీజు కట్టాలి. కుడిచెయ్యి పడిపోయింది కాబట్టి ఎడమ వేలిముద్ర వేయిస్తారు. న్యూరాలజిస్టు దగ్గర తెలివి స్థిమితంగా ఉందని అదే వారంలో తేదీతో సర్టిఫికెట్ తీసుకోండి, వీలైతే ఒక సాక్షి డాక్టరే అయితే మరీ మంచిది. సాక్షులుగా మీ బావగారిని గానీ మీ ఆవిడని గానీ పెట్టకండి, బయటివాళ్ళు కావాలి. వీలునామా నాన్నగారికి గట్టిగా చదివి వినిపించి ఫోన్‌లో వీడియో తీసుకోండి. ఆలస్యం చెయ్యకు బాబూ, రెండోసారి పక్షవాతం చెప్పి రాదు.

చిన్నోడి అమ్మ:
అర్జీకి తమ్ముడి వైకల్య సర్టిఫికెట్ కాపీలు నాలుగు ఎక్కువే తీసుకెళ్ళండి. చెల్లెలికి నా నంబరు పర్సనల్ మెసేజ్‌లో పంపాను, ఎప్పుడైనా మాట్లాడమనండి, రాత్రి పదైనా పర్లేదు.